ఒంటి పిల్ల బరువు

పశువుల దవాఖానలో సహాయకుడిగా చేరి పాతికేళ్ళు దాటింది. సూదులు వేశాను, అడ్డం తిరిగిన దూడల్ని బయటికి లాగాను, గాలికుంటు వచ్చిన ఊళ్ళలో ఎద్దుల నోళ్ళు కడిగాను. ఇవన్నీ ఎవరికీ గుర్తు లేవు, నాకూ పెద్దగా లేవు. మరిచిపోదామన్నా పోని పని ఒకటే ఉంది. మా అక్క ఇరవై ఏళ్ళు ఏరి ఏరి నిలబెట్టుకున్న మేకల మందను నా చేత్తో నేనే నాశనం చేశాను. అదీ ఆమెను ఒప్పించి, ఆమె చేతనే కాళ్ళు పట్టించి మరీ చేశాను.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది. న్యాల్‌కల్ దాటి కర్ణాటక పొలిమేర దగ్గరున్న ఊరికి ఇచ్చారు. పెళ్ళయిన కొన్నేళ్ళకే బావ పోయాడు. భూమి బావ అన్నదమ్ముల చేతుల్లోకి జారిపోయింది. అక్కకు మిగిలినవి మూడు మేకలు. ఎవరి గడపా తొక్కకుండా ఆ మూడింటినే ఇరవై దాటించింది. వాటితోనే తిన్నది, వాటితోనే ఇల్లు కప్పించుకున్నది. నేను పశుసంవర్ధక డిప్లొమా చదువుతానంటే రెండు మేకలను అమ్మి ఫీజు కట్టింది కూడా ఆమే. మేకలమ్మి చదివించిన తమ్ముడు మేకల గురించి ఏం నేర్చుకొచ్చాడో చెబుతాను.

అక్క మేకలు చూపుకు ఆనేవి కావు. నల్లగా, పొట్టిగా, ఎండకు కాలిన కట్టెల్లా ఉండేవి. కానీ ఈతకు రెండు పిల్లలు. వానలు ఎగ్గొట్టిన ఏడు కూడా రెండే. ఎండాకాలం తుమ్మకాయలు, రేగు కంప తప్ప బయట మరేమీ దొరకని రోజుల్లోనూ రెండు పిల్లలూ తాగి వదిలేశాక పొదుగులో ఇంకా ఒక గ్లాసెడు పాలు మిగిలేవి. ఆ గ్లాసెడు పాలే అక్క లెక్క. పిల్లలు తాగిన తర్వాత ఒక్కో మేకను పట్టుకొని పిండి చూసేది. మిగిలితే దాని మెడ మీద ఒకసారి నిమిరేది, మిగలకపోతే ఊరుకునేది. కాగితం లేదు, కలం లేదు. ఏ మేక ఏ మేక బిడ్డో, దాని అమ్మమ్మ ఎవరో అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పేది.

ఆమెకు పోతును ఎంచే పద్ధతి ఒకటుండేది. మందలో పుట్టిన మగపిల్లల్లో అన్నిటికంటే పెద్దదాన్ని ఎప్పుడూ పోతుగా ఉంచుకునేది కాదు, బక్రీదుకు ముందు అమ్మేసేది. జోడుగా పుట్టిన వాటిలో ఒకదాన్ని, అదీ గ్లాసెడు పాలు మిగిల్చే మేక కడుపున పుట్టినదాన్ని, పక్కన పెట్టేది. అది చూడటానికి ఎండిపోయినట్టుండేది. ఊరు ఊరంతా తమ మేకల్ని ఆ పోతు దగ్గరికే తోలుకొచ్చేవారు. అక్క ఎవరినీ ఏమీ అడిగేది కాదు. భూమిలేని ఆ మనిషికి ఊళ్ళో ఒక మాట చెల్లుబాటయ్యేదంటే ఆ పోతు వల్లే.

ఉద్యోగం వచ్చి జహీరాబాద్‌లో ఇల్లు తీసుకున్నాక నేను ఆమె మందను చూసినప్పుడల్లా ముఖం చిట్లించేవాణ్ణి. నా చదువు నా కళ్ళను నెత్తికెక్కించింది. "అక్కా, నువ్వు ఏడాదికేడాది మంచిదాన్ని అమ్ముకొని చెత్తదాన్ని ఇంట్ల పెట్టుకుంటున్నవ్" అని చెప్పేవాణ్ణి. అక్క నవ్వి ఊరుకునేది. చదువుకున్న తమ్ముడు ఏదో ఒకటి అంటాడు, అనుకోనీ అన్నట్టు నవ్వేది.

పన్నెండేళ్ళ కిందట అనుకుంటాను, మా ఆఫీసుకు ఎడారి పోతుల పథకం వచ్చింది. రాజస్థాన్ వైపు ఇసుక నేలల్లో పెరిగే పోతులను లారీలో తెచ్చి దింపారు. ఒక్కొక్కటి నా నడుము ఎత్తు. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, గోధుమరంగు ఒంటి మీద తెల్లమచ్చలు. దింపుతుంటే రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లు కూడా ఆగి చూశారు. మా ఆఫీసరు ఆ రోజు మమ్మల్నందరినీ నిలబెట్టి, "పెరుగుదల రక్తంల ఉంటది, పాలు రక్తంల ఉంటయి. ఈ రక్తం ఊరూరికి ఎక్కాలె" అన్నాడు. చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

పథకానికి ఒక షరతుంది. ఎడారి పోతును ఏ ఊరికిస్తారో ఆ ఊళ్ళో నాటు పోతు ఒక్కటి కూడా ఉండకూడదు. ఉన్నవాటికి విత్తులు నొక్కేసి, ఇక వాటికి పిల్లలు పుట్టకుండా చేయాలి. నొక్కేశామని నేను సంతకం పెట్టాలి. అక్క ఊరు నా పరిధిలోనిదే. అక్కడివాళ్ళు మాత్రం అక్కవైపు చూశారు. ఆమె ఒప్పుకుంటే మేమూ సరే అన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"గా ఎడారి పోతును నేను వద్దంటలేను తమ్మి. ఉండనియ్. కానీ నా పోతును ఎందుకు నొక్కుడు? రెండూ ఉంటే ఏమైతది?"

"నీ పోతు ఉంటే మేకలన్నీ దానికే కడతయి. మళ్ళ గవే పొట్టి పిల్లలు పుడతయి. సర్కారు ఊకె ఇస్తదా?"

"పోతు పాలియ్యదు గదా తమ్మి. మరి పాలెట్ల వస్తయి? పోతు తల్లి ఎట్లుంటే, దాని బిడ్డ అట్లుంటది. గా ఎడారి పోతు తల్లిని నువ్వు చూసినవా?"

నేను చూడలేదు. మా ఆఫీసరూ చూడలేదు. లారీలో వచ్చిన కాగితాల్లో బరువుంది, ఎత్తుంది, తల్లి ఎన్ని పిల్లల్ని ఈనిందో లేదు. అయినా ఆ ప్రశ్నకు నేను విసుక్కున్నాను. ఆఫీసరుకు అప్పటికే మాటిచ్చేశాను, మా అక్క ఊరే మొదటిదవుతుంది సార్ అని.

మరుసటి వారం వేలాడదీసే కాటా ఒకటి తీసుకొని ఊరికి పోయాను. అక్క వాకిట్లో దాన్ని వేపకొమ్మకు కట్టాను. ఊరివాళ్ళను పిలిచాను. అక్క మందలో ఒకే నెలలో పుట్టిన మగపిల్లలు మూడున్నాయి. ఒకటి ఒంటిగా పుట్టింది. రెండు జోడు. ఆ జోడులో ఒకదాన్ని అక్క ముందు ముందు పోతు చేయడానికి పక్కన పెట్టుకుంది. నేను ముందు ఒంటిదాన్ని గోనెసంచిలో వేసి కాటాకు తగిలించాను, ముల్లు బాగా దిగింది. తర్వాత అక్క ఎంచుకున్నదాన్ని వేశాను. ముల్లు కాస్త కదిలి అక్కడే ఆగిపోయింది.

"ఇదా అక్కా నీ పోతు?" అన్నాను అందరికీ వినబడేలా. "పిల్లిని తెచ్చి పోతంటున్నవా?"

నవ్వారు. నాతోపాటు ఊరంతా నవ్వింది. నిన్నటిదాకా ఆమె పోతు కోసం మేకల్ని తోలుకొచ్చినవాళ్ళు కూడా నవ్వారు. అక్క ముఖం నల్లబడింది. ఆ పిల్లను సంచిలోంచి తీసి కింద నిలబెట్టింది.

"గది ఒంటిది తమ్మి. తల్లి పాలన్నీ ఒక్కటే తాగింది, పెరగక ఏం జేస్తది? ఇది సగం పాలకే గింత అయ్యింది. రెండింటిని సాకిన తల్లి బిడ్డ ఇది. నువ్వు పిల్లను తూకమేస్తున్నవ్, నేను తల్లిని చూస్తున్న."

నలుగురిలో అంత పొడుగు మాట ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. నేను కాటా విప్పి సంచిలో పెట్టుకుంటూ, "తూకం అబద్ధం చెప్పదక్కా" అన్నాను. దానికీ నవ్వారు. అక్క పిల్లను చంకకెత్తుకొని, "సరే, నువ్వు చెప్తున్నవ్ గదా. నీకంటె నాకెక్కువ తెల్సా" అంది.

విత్తులు నొక్కే పటకారు మోటరుసైకిల్ పెట్టెలోనే ఉంది. ఆమె మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని అప్పుడే తీశాను. పెద్ద పోతు మెడను అక్క పట్టుకుంటే పక్కింటాయన కాళ్ళు పట్టాడు. మిగతా రెండు మగపిల్లల పనీ అలాగే అయింది. తను ఎంచుకున్న చిన్నదాన్ని మాత్రం అక్క ఎవరికీ ఇవ్వలేదు, తన ఒళ్ళోనే పెట్టుకొని కాళ్ళు పట్టుకుంది. అది అరిచినప్పుడు కళ్ళు మూసుకుంది. "ఒక్కటన్న ఉంచురా తమ్మి" అని అప్పుడు గొణిగింది. నాకు వినబడింది. వినబడనట్టు నటించాను. అప్పటికే ఇంకో ఊరికి పోయే టైమైంది.

మొదటి ఏడాది పండగే. ఎడారి పోతుకు పుట్టిన పిల్లలు మూడో నెలకే నాటువాటి ఆరునెలల పిల్లలంత అయ్యాయి. పత్రికలవాళ్ళు వచ్చి ఫోటో తీశారు. అక్క పక్కన నేను, నా పక్కన పిల్ల, వెనక ఆఫీసరు. రాయికోడ్‌లో రైతుల సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. మా అక్క కథే చెప్పాను. మూఢనమ్మకాలు ఎలా పోగొట్టానో చెప్పాను. అవును, ఆ మాటే వాడాను, మూఢనమ్మకం అని. ఆ సభ తర్వాత మరో తొమ్మిది ఊళ్ళు ఒప్పుకున్నాయి. ఆ తొమ్మిది ఊళ్ళలోనూ నాటు పోతు అన్నది కంటికి కనబడకుండా చేశాను. నేను బద్ధకస్తుణ్ణయి ఉంటే ఎంత బాగుండేదో!

మేక ఈతకు ఒకటో రెండో ఇస్తుంది, అంతే. పోతు అలా కాదు, ఊళ్ళో పుట్టే పిల్లలన్నిటిలోనూ సగం దానిదే. అది మంచిదైతే మంచి ఊరంతా పాకుతుంది, కానిదైతే అదీ పాకుతుంది. ఇది నేను సభల్లో చెప్పే మాటే. కానిదే పాకుతోందని ముందుగా పసిగట్టినవాడు జహీరాబాద్ మేకల బేరగాడు. ఏటా ఆమె దగ్గరే కొనే ముసలాయన. రెండో ఏడు నన్ను బజారులో ఆపాడు.

"సాబ్, మీ అక్క మేకలు ఖూబ్‌సూరత్ అయినయి. కానీ ఇంతకుముందు ఒక్కో మేకకు రెండేసి పిల్లలు తోలుకపోతుంటి. ఇప్పుడు ఒక్కటే బతికి చేతికొస్తున్నది. జర సోచాయించుండ్రి, ఆలోచన చేయుండ్రి."

నాకు కోపం వచ్చింది. బేరం తగ్గించడానికి ఎత్తుగడ అనుకున్నాను.

తర్వాత ఒక్కొక్కటే జరిగాయి. పొట్టి మేకల కడుపుల్లో పెద్ద తలల పిల్లలు. ఈనలేక మూడు మేకలు పోయాయి. రెండింటికి నేనే చేయి పెట్టి లాగాను, పిల్లా దక్కలేదు, తల్లీ దక్కలేదు. దక్కిన ఆడపిల్లలు పొడుగ్గా పెరిగి ఈతకొచ్చాయి. ఈతకు ఒక్కటే. ఆ ఒక్కదానికే ఎండాకాలం పాలు చాలేవి కావు. అక్క పాత అలవాటు కొద్దీ గ్లాసు పట్టుకొని పోయి ఖాళీ గ్లాసుతో వచ్చేది. పెద్ద ఒంటికి పెద్ద మేత కావాలి. ఇక్కడ మేకలు మేసే పడావు భూములన్నీ చెరకు, అల్లం చేలు అయిపోయాయి, కంచెలు వేశారు. శ్రావణంలో నల్లరేగడి బురదలో ఆ పొడుగు కాళ్ళవి నిలబడలేకపోయాయి. గిట్టలు కుళ్ళాయి, మోకాళ్ళ మీద పాకుతూ మేశాయి. నేను సూదులు వేసేవాణ్ణి. అక్క ఒక్కోదాన్ని ఎత్తుకొచ్చి నా ముందు పెట్టేది.

ఎడారి మేకది తప్పు కాదు. దాని నేల మీద, దాని పొడి గాలిలో అది మహారాణి. అక్కడ కూడా ఎవరో ఒక ఆడమనిషి గ్లాసు పట్టుకొని తరతరాలు ఏరితేనే అలా నిలబడి ఉంటుంది. మేము ఆ మనిషిని అడగలేదు. ఇక్కడి మనిషినీ అడగలేదు. ఎత్తు చూసి లారీ ఎక్కించాం.

నాలుగో ఏడు అక్క ఒక నాటు పోతు కోసం తిరిగింది. పాత మేకలు ఇంకా ఐదు మిగిలాయి, ఒక్క పోతు దొరికితే మళ్ళీ మొదలుపెడతానంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ నడిచింది, రాయికోడ్ బస్సెక్కింది, పొలిమేర దాటి బీదరు వైపు ఊళ్ళూ చూసింది. మన వైపు ఎక్కడికి పోయినా వేలాడే చెవులే. ఆ ఊళ్ళన్నీ నావే. అవతలి వైపు దొరికిన నాటు పోతులు ఉత్త నాటువి, వాటి తల్లుల సంగతి ఎవరికీ తెలియదు. అక్క వాటిని తీసుకోలేదు. "దీని తల్లి ఏందో తెల్వదు, తండ్రి ఏందో తెల్వదు. ఏం జేసుకోను?" అంది. ఆ రోజు ఆమె చెప్పుల పట్టీలు తెగి ఉన్నాయి. కొత్తవి కొనిస్తానన్నాను. వద్దంది.

పాత మేకలు ముసలివై ఈత మానేశాయి. ఒకటి తర్వాత ఒకటి పోయాయి. మిగిలిన పొడుగువాటిని అమ్మేసింది. ఇప్పుడు అల్లం చేలల్లో కూలికి పోతుంది. అరవై దాటిన మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒంగి అల్లం తవ్వుతుంది. ఒకప్పుడు పోతు కోసం ఆమె గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళ చేలల్లోనే. నా దగ్గరికి వచ్చి ఉండమంటే, "నాకేమైంది, మంచిగనే ఉన్న గదా" అంటుంది. తిట్టి ఉంటే నాకు బరువు కాస్త దిగేది. ఆమె తిట్టదు.

ఈ మధ్య ఆఫీసుకు కొత్త ఉత్తర్వు వచ్చింది. స్థానిక మేక జాతిని కాపాడాలట. నల్లవి, పొట్టివి, జోడు పిల్లల్ని ఈనేవి ఎక్కడున్నాయో వెతికి, ఫోటోలు తీసి పంపాలట. కొత్తగా వచ్చిన ఆఫీసరు కుర్రవాడు, మంచివాడు. "ఇక్కడి వాతావరణానికి ఇవే సరిపోతయి. పెరుగుదల ఒక్కటే చూడొద్దు, ఈతకు ఎన్ని పిల్లలు, తల్లి పాలు ఎంత, అది చూడాలె" అని మాకు చెప్పాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. తర్వాత నన్ను పిలిచి, "మీరు సీనియర్, ఈ పల్లెలన్నీ మీకు తెలుసు, మీరే వెతకాలె" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఊరికి పోయాను. కూలి లేని రోజు. ఆమె అరుగు మీద కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటోంది. ఉత్తర్వు సంగతి చెప్పాను. ఎక్కడైనా, ఏ మూలనైనా, ఆ పాత మేకల రక్తం ఉన్న పోతు ఒకటి మిగిలిందేమో తెలుసా అని అడిగాను. అడుగుతుంటే నా గొంతు నాకే అసహ్యమనిపించింది.

అక్క రెండో కాలికి నూనె రాయడం మొదలుపెట్టింది.

"లేదు తమ్మి. ఉంటే నేనే తెచ్చుకోకపోదునా" అంది.

నూనె సీసా మూత పెట్టి పక్కన జరిపింది. తర్వాత నా ముఖంలోకి నేరుగా చూసింది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. ఒంటిది పాలన్నీ తాగి పెరుగుతది, జోడుది సగం పాలకు పెరుగుతది, రెండింటిని ఒక్క తీరుగ చూడొద్దని నేను ఆనాడు చెప్పిన. గది నీకు తెల్వక చేసినవా, తెల్సే చేసినవా?"

డిప్లొమా రెండో ఏడాది పుస్తకంలో ఉంది ఆ మాట. ఒంటిగా పుట్టిన పిల్ల బరువునూ, జోడుగా పుట్టిన పిల్ల బరువునూ నేరుగా పోల్చకూడదు, ఆ తేడా రక్తానిది కాదు, తల్లి పాలది అని. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, రాశాను, మంచి మార్కులు వేశారు. ఆ రోజు కాటాకు సంచి తగిలిస్తున్నప్పుడు కూడా అది నా తలలో ఉంది. అక్క నోట అదే మాట వచ్చినప్పుడు గుర్తుపట్టాను. కానీ ఊరివాళ్ళు చూస్తున్నారు, ఆఫీసరుకు మాటిచ్చి ఉన్నాను, అక్షరం ముక్క రాని అక్క చెప్పింది నిజమని నలుగురిలో ఒప్పుకోవడం నాకు నామోషీ అనిపించింది. తెలిసే చేశాను.

"తెల్వదక్కా" అన్నాను.

అక్క ఊపిరి వదిలింది. ముఖం తేటబడింది, పన్నెండేళ్ళలో అంత తేటగా నేను చూడలేదు.

"నేను గదే అనుకున్న. తెల్వక చేసినోన్ని ఏమంటం? గిన్నేండ్ల సంది మనసుల ఒకటి పొడుస్తుండె, నా తమ్ముడు తెల్సే చేసిండేమో అని. ఇగ నీ మీద నాకేం లేదు తమ్మి."

మోకాలి మీద చేయి వేసుకొని లేచింది. "కాళ్ళు కడుక్కో. జొన్నరొట్టె చేస్త, తిని పోదువు" అంది.

కాళ్ళు కడుక్కున్నాను. ఆమె వేడివేడిగా వేస్తుంటే మూడు రొట్టెలు తిన్నాను.